రెండు తాళాల వెనుక మొక్కలు

ఎవరింటికి పోయినా, ఏ ఆఫీసులో అడుగుపెట్టినా వినోద ముందు మనుషుల్ని చూడదు. మూలలు చూస్తుంది. మూలన కుండీ కనబడితే దగ్గరికి పోయి చూపుడువేలు మట్టిలో గుచ్చుతుంది. తడి తగిలితే సరే. మట్టి బెల్లమ్ముద్దలా గట్టిపడి ఉన్నా, కుండీలో తాగిపడేసిన టీ కప్పులు కనబడినా ఇక ఆమె వచ్చిన పని పక్కకు పోయినట్టే. ఆ ఇంటివాళ్లో, ఆఫీసువాళ్లో నాలుగు మాటలు పడాల్సిందే. ఆ తర్వాత "ఉంచుకుంటరా, నన్ను తీస్కపొమ్మంటరా?" అని అడుగుతుంది. చాలామంది తీసుకుపొమ్మనే అంటారు.

హనుమకొండ కుమార్‌పల్లి మార్కెట్ దగ్గర వినోదకూ, ఆమె భర్త వెంకట్రాజానికీ మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ గుడ్డలు, లైనింగులు, ఫాల్సులు, లేసులు, దారాలు అమ్ముతారు. చీర కొంగు చూపిస్తే చాలు, దానికి నప్పే గుడ్డ ఏ అరలో ఉందో వినోద చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. దుకాణం మీదనే ఇల్లు. మెట్ల పొడుగునా, వసారాలో, డాబా మీద సగం దాకా కుండీలే. వాటిలో డబ్బులు పెట్టి కొన్నవి తక్కువ. వసారా మూలన ఉన్న జీజీ మొక్క పళ్ల డాక్టరు దగ్గరిది. పన్ను పీకించుకున్న రోజు, దవడలో దూది ఉండి నోరు తిరగకపోతే, చేతిసైగలతో బేరమాడి తెచ్చుకుంది. పెద్ద క్రోటన్ ఒక బ్యాంకు వాళ్లు వేరే బిల్డింగుకు మారుతూ పాత గేటు ముందు వదిలేసిపోయినది. కిటికీలోని కలబంద, గది ఖాళీ చేసి వెళ్లిపోయిన చదువుకునే పిల్లలది.

"మనది బట్టల దుకాణమా, చెట్ల దవాఖానా?" అనేవాడు వెంకట్రాజం. అంటూనే కుండీలు పైకి మోసేవాడు.

వాళ్ల దుకాణం పక్కన, మనిషి ఒకవైపుకు తిరిగి నడవాల్సినంత సన్నటి సందు విడిచి, ఒక కాఫీ షాపు ఉంది. నిరుడు దసరాకు తెరిచారు. శేఖర్, అతని బావ భానుచందర్ కలిసి పెట్టిన షాపు అది. భానుచందర్ భార్య హారిక శేఖర్‌కు సొంత అక్క. పొయ్యి దగ్గరి పని శేఖర్‌ది, కౌంటర్ భానుచందర్‌ది. షాపు అందంగా కనబడాలని హారికే హైదరాబాద్ పోయి, నర్సరీలన్నీ తిరిగి, మొక్కలు తెచ్చి అద్దం వెంట వరుసగా పెట్టించింది. రెండు అరేకా పామ్‌లు, ఒక పీస్ లిల్లీ, నడుమంత ఎత్తు రబ్బరు మొక్క, స్నేక్ ప్లాంట్లు, ఒక ఫెర్న్, పైనుంచి వేలాడే మనీ ప్లాంట్లు. తెరిచిన రోజు వినోద పోయి అలవాటు ప్రకారం అన్నిట్లోనూ వేలు పెట్టి చూసి, "ఫెర్న్‌ను ఏసీ కింద పెట్టకు బిడ్డా, ఎండుతది" అని చెప్పింది. హారిక అప్పటికప్పుడే దాన్ని జరిపించింది. చెప్పిన మాట విన్నందుకు ఆ పిల్ల వినోదకు నచ్చింది.

షాపు బాగానే నడిచింది. ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం మాత్రం కథ తిరగబడింది. హాలు నిండా జనం. బిల్లు కట్టడానికి నిలబడినవాళ్లు నిలబడే ఉన్నారు. భానుచందర్ కౌంటర్లో కూర్చుని ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు. వంటగదిలోంచి చెమటలు కక్కుతూ వచ్చిన శేఖర్ అది చూశాడు.

"లెవ్వు బావా. నీతోని గాదు, నేను సూసుకుంట" అన్నాడు, అందరికీ వినబడేలా.

భానుచందర్ ఫోన్ జేబులో పెట్టుకుని, కుర్చీ వెనక్కి జరిపి, బయటికి నడిచాడు. అప్పుడే ఎదురుతిరిగి అరిచి ఉంటే గొడవ అక్కడితో పోయేది. శేఖర్ వాళ్లది, అల్లుడు వస్తున్నాడంటే ఇప్పటికీ కోడి కోసే ఇల్లు. అలాంటి అల్లుణ్ణి సప్లయర్ల ముందు, గిరాకీల ముందు లేపితే ఆ మాట లోపలికి పోయి కూర్చుంది. ఆ సాయంత్రం షాపు మూశాక భానుచందర్ వచ్చి షట్టర్‌కు తన తాళం వేసి పోయాడు. తెల్లారి శేఖర్ వచ్చి తాళం చూశాడు. కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మార్కెట్లోకి పోయి దానికంటే పెద్ద తాళం కొనుక్కొచ్చి పక్కనే వేశాడు.

పెద్దమనుషులు రెండుసార్లు కూర్చోబెట్టారు. శేఖర్ "ముందు ఆయన తియ్యాలె" అన్నాడు, భానుచందర్ "ముందు వాడు తియ్యాలె" అన్నాడు. పెద్దమనుషులు చాయ్ తాగి లేచిపోయారు.

షాపుకు ఉన్నది జాలీ షట్టర్, దాని వెనుక అద్దం. లోపలున్నవన్నీ రోడ్డు మీదికి కనబడతాయి. రోజూ పొద్దున దుకాణం తెరవడానికి కిందికి దిగినప్పుడు వినోద ఆ జాలీలోంచి తొంగిచూసేది. ముందు పోయింది ఫెర్న్. నాలుగు రోజుల్లోనే కాగితంలా తయారైంది. తర్వాత పీస్ లిల్లీ ఆకులన్నీ కుండీ అంచు మీదికి, పిండి ఆరేసిన గుడ్డలా వాలిపోయాయి. పామ్‌ల కొనలు గోధుమరంగుకు తిరిగాయి. ఆ అద్దానికి పడమటి ఎండ కొడుతుంది. ఏసీ లేదు, గాలి లేదు. లోపల పొయ్యి మీద పెట్టినట్టే ఉంటుంది.

"స్నేక్ ప్లాంట్లకు ఏం గాదు. అవి మనం సచ్చినా బతుకుతయి. లిల్లీ మాత్రం ఇంకో వారం ఆగదు" అంది వినోద.

"మన ఇంట్లున్నవి సాలవా? పక్కోళ్ల పంచాయతిల తల పెట్టకు" అన్నాడు వెంకట్రాజం.

ఆమె అప్పటికే బోర్డు మీద ఉన్న నంబరుకు ఫోన్ కలిపింది. శేఖర్ ఎత్తాడు.

"తమ్మీ, నేను వినోదక్కను. మీ లొల్లి నాకొద్దు. జర షట్టర్ తీసి చెట్లకు ఇన్ని నీళ్లు పోసిపో."

"నా తాళం నేను తీస్త అక్కా. తీసి ఏం జెయ్యాలె? పక్కన ఆయనది ఉన్నది గద."

"ఆయనకు ఫోన్ జెయ్యి."

"నేనా? చెట్ల కోసం ఆయన కాళ్లు పట్టుకోవాల్నా?"

"కాళ్లు పట్టుమంటలేను. తాళంచెవి పట్టుకొని రమ్మంటాన."

శేఖర్‌కు నవ్వు రాలేదు. మళ్లీ చేస్తానని పెట్టేశాడు. చెయ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక వినోద ఆటో ఎక్కి వడ్డేపల్లిలో భానుచందర్ ఇంటికి పోయింది. అతను మర్యాదగానే లేచి కుర్చీ వేశాడు, ఫ్యాన్ పెంచాడు, చల్లటి నీళ్లు తెప్పించాడు.

"నువ్వొచ్చినవ్ అక్కా, సంతోషం. చాయ్ తాగి పో. తాళం మాట మాత్రం తియ్యకు."

"నేను మనుషుల కోసం రాలే. చెట్లు ఎండుతానయ్. అవేం జేసినయ్ మీకు?"

"అవేం జెయ్యలే. నేనేం జేసిన అక్కా? నువ్వు చెప్పు, నేనేం జేసిన?"

వినోద చాయ్ తాగి లేచింది. హారిక గేటు దాకా వెంట వచ్చి, వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అక్కా, తాళంచెవి దేవునర్రల ఉంది. ఆయన స్నానానికి పోంగనే తీసి నీకిస్త. తమ్మునిది నువ్వెట్లన్న తెప్పియ్యి. ఎవలకు తెల్వకుంట తీసి, నీళ్లు పోసి, మల్ల ఏసిపెడుదాం."

వినోద మనసు ఒక్క క్షణం అటు లాగింది. లిల్లీ కళ్ల ముందు మెదిలింది. కానీ మార్కెట్లో ఇన్నేళ్లు దుకాణం నడిపిన మనిషి ఆమె.

"వద్దు బిడ్డా. రేపు లోపల ఒక్క గ్లాసు కనబడకున్నా నా మీదికొస్తది, నీ మీదికొస్తది. దొంగతనం మనకొద్దు."

హారిక గేటు గడియ పట్టుకుని అలాగే నిలబడింది. "ఆ చెట్లన్ని నేనే తెచ్చిన అక్కా. ఆ టేబుళ్లు నేనే ఎంచిన. ఒగలు నా మొగడు, ఒగలు నా తమ్ముడు. తాళం ఏసేటప్పుడు ఇద్దర్ల ఒక్కరన్న నన్ను అడగలే."

వినోద ఆమె చెయ్యి నొక్కి ఆటో ఎక్కింది.

దొంగతనం వద్దన్న మనిషే మూడు రోజులకు సందులో దొంగలా నిలబడింది. కింద పడ్డ లేసు కండె కోసం సందులోకి పోయినప్పుడు కాఫీ షాపు పక్కగోడకు, తలకంటే కొంచెం ఎత్తులో, ఒక రంధ్రం కనబడింది. ఏసీ గొట్టాల కోసం కొట్టి, తర్వాత ఏసీని వేరే చోటికి మార్చడంతో అలాగే వదిలేసినది. వినోద ముందుకు పోయి జాలీలోంచి అంచనా వేసింది. రంధ్రం సరిగ్గా ఆ మొక్కల వరుస పైనే ఉంది.

డాబా మీది ఆకుపచ్చ పైపు కిందికి వచ్చింది. సందు మొదట్లో వాళ్ల నల్లా ఉంది. పైపు ఒక కొస నల్లాకు తగిలించి, రెండో కొసను పాత కర్టెన్ రాడ్డుకు కట్టి రంధ్రంలోంచి లోపలికి తోసింది. వెంకట్రాజం జాలీ దగ్గర నిలబడి చూసి చెప్పాలి.

"ఇంకింత ఇటు. ఆఁ, పామ్ కుండిల వడ్డది. లిల్లీకి అందుతలేదు. ఇంకింత... తగిలింది." చెప్పినంతసేపు చెప్పి, ఇటు వచ్చి, "దొంగతనంగ సొమ్ము ఎత్కపోయేటోళ్లను జూసిన గని, నీళ్లు పోసేటోళ్లను గిప్పుడే జూస్తాన" అన్నాడు.

అప్పటి నుంచి మధ్యాహ్నం పూట, మార్కెట్ కునుకు తీసే వేళ, ఒక్కో కుండీకీ కాసిన్ని నీళ్లు పోసేది. లిల్లీ ఆకులు కొంచెం లేచాయి. ఆ రెండు వారాలు వినోద ముఖంలో ఒక వెలుగుండేది. ఇరుగుపొరుగుకు కారణం తెలియదు.

వైశాఖంలో పెళ్లిళ్లు మొదలయ్యాయి. ఒకరోజు, మధ్యాహ్నం తీరిక దొరకదని, వినోద పొద్దున్నే సందులోకి పోయి పైపు లోపలికి తోసి నల్లా తిప్పింది. నీళ్లు రాలేదు. ధర్మసాగర్ చెరువు నుంచి ఊరి నల్లాలకు నీళ్లు వదిలే వేళ ఇంకా కాలేదు. సరే, వస్తాయిలే అని నిలబడి ఉండగానే దుకాణంలోంచి కేక వినబడింది. నెక్కొండ నుంచి పెళ్లివాళ్లు మూటెడు చీరలతో దిగారు. వినోద ఉన్నపళంగా లోపలికి పోయింది. పెళ్లికూతురికి ఏ రంగూ నచ్చదు, తల్లికి నచ్చింది మేనత్తకు నచ్చదు. ఒక్కో చీరకు నాలుగైదు గుడ్డలు విప్పి, మడిచి, మళ్లీ విప్పుతూ ఉంటే ఎండ నడినెత్తికి వచ్చింది.

అప్పుడు రోడ్డు మీద ఎవరో అరిచారు. "కాఫీ షాపుల పైపు పలిగింది! నీళ్లు బయటికొస్తానయ్!"

లైనింగ్ గుడ్డ కత్తిరిస్తున్న వినోద చేతిలో కత్తెర ఆగిపోయింది. కట్టేయని నల్లా అప్పుడు గుర్తొచ్చింది. గుడ్డ వదిలేసి సందులోకి పరుగెత్తింది. నల్లా ఫుల్లుగా తిరిగి ఉంది. పైపు ఉబ్బి బిగుసుకుని ఉంది. కట్టేసింది గానీ, అప్పటికే జాలీ కిందినుంచి నీళ్లు మెట్లు దిగి రోడ్డు మీద పారుతున్నాయి. బోర్డు మీద నంబర్లు ఉండనే ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ముడు ఇద్దరికీ ఫోన్ చేశాడు.

శేఖర్ ఒకవైపు నుంచి, భానుచందర్ ఇంకోవైపు నుంచి బండ్ల మీద వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ తాళంచెవులు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఎవరి తాళం వాళ్లు తీశారు. షట్టర్ లేచింది. లోపల పాదాలు మునిగేటంత నీళ్లు. అట్టపెట్టెల్లోని పేపర్ కప్పులు మెత్తబడి తేలుతున్నాయి. వెంకట్రాజం ముందుగా పోయి మెయిన్ స్విచ్ ఆపేశాడు. శేఖర్ పైపు ఎక్కడ పగిలిందో చూడటానికి వంటగదిలోకి ఉరికాడు. భానుచందర్ తలెత్తి స్లాబు చూస్తూ గోడ దగ్గరికి వచ్చాడు. మొక్కల మీద వేలాడుతున్న ఆకుపచ్చ పైపు అతనికే కనబడింది.

"ఇదేంది?"

గుమ్మంలో నిలబడిన వినోద "అది నాదే" అంది.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆమె మీద పడ్డారు. "తెలివుందా అక్కా నీకు?" అని ఒకరు, "కరెంటు తగిలి ఎవలన్న సస్తే జిమ్మేదారెవలు?" అని ఇంకొకరు. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకున్నారు. నెక్కొండ పెళ్లివాళ్లతో సహా మార్కెట్ అంతా నిలబడి చూసింది. వినోద తల దించుకోలేదు.

"తప్పే. నల్లా కట్టేసుడు మరిచిన. ముందు నీళ్లు తియ్యిండ్రి, తర్వాత ఎంత తిడుతరో తిట్టుండ్రి."

చీర కుచ్చిళ్లు దోపుకుని వైపర్ అందుకుంది. అందరూ పనిలో పడ్డారు. బావాబావమరుదులు మాత్రం ఒకరితో ఒకరు మాట్లాడరు.

"అక్కా, ఆ కాఫీపొడి డబ్బలు పైకి పెట్టుమని చెప్పు" అన్నాడు శేఖర్.

"ఎవలకు చెప్పాలె?"

"ఉన్నరు గద ఒకరు."

"పెట్టిన అని చెప్పక్కా" అన్నాడు భానుచందర్.

అలా నాలుగైదు మాటలు మోసేసరికి వినోదకు చిర్రెత్తింది. "నేనేమన్న మైకునా? ఎవల నోరు వాళ్లకు లేదా?"

చివరికి ఫ్రిజ్ దగ్గర చిక్కొచ్చింది. దాని కాళ్లు నీళ్లలో ఉన్నాయి, ఒక్కరితో లేవదు. వెంకట్రాజానికి నడుం నొప్పి. శేఖర్ ఒకవైపు పట్టి లాగి చూశాడు. కదల్లేదు.

"బావా, ఆ దిక్కు పట్టు" అన్నాడు, ఫ్రిజ్ వైపే చూస్తూ.

"పట్టిన" అన్నాడు భానుచందర్.

అంతే మాట్లాడుకున్నారు. సాయంత్రానికి నేల ఆరింది. ఇద్దరూ బయటికి వచ్చి షట్టర్ దించి, తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. వినోద అడ్డం వచ్చింది.

"ఆగుండ్రి. ఆ చెట్లు నేను తీస్కపోత."

"తీస్కపో. మా పీడ వోతది" అన్నాడు శేఖర్.

"ఒక్కటి సుత ఉంచకు" అన్నాడు భానుచందర్.

కుండీలన్నీ బయటికి వచ్చాక రెండు తాళాలూ మళ్లీ పడ్డాయి.

ఆ రాత్రి గడిచాక, పొద్దున్నే వినోద ఒక్కో మొక్కనూ ముందు పెట్టుకుని చూసింది. ఫెర్న్ ఎప్పుడో పోయింది. పామ్‌లలో ఒకటి సరిగ్గా పైపు కింద ఉన్నది. ఎండకు కాదు, ఆమె పోసిన నీళ్లకే దాని వేళ్లు కుళ్లాయి. కుండీలోంచి లాగితే నల్లగా, జిగటగా, మురుగువాసనతో వచ్చాయి. వాటిని చేతిలో పట్టుకుని, "నేనే సంపిన దీన్ని" అంది. వెంకట్రాజం అప్పుడు మాత్రం వేళాకోళం చెయ్యలేదు.

రెండో పామ్‌కు సగం వేళ్లు తెల్లగా ఉన్నాయి. నీళ్లతో మట్టంతా కడిగి, కుళ్లిన వేళ్లను దారాల కత్తెరతో కత్తిరించి, కోసిన చోట పసుపు అద్దింది. ఎర్రమట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు కలిపి కొత్త కుండీలో నాటి నీడన పెట్టింది. లిల్లీకి చచ్చిన ఆకులు తీసేసింది. మనీ ప్లాంట్ తీగలు కత్తిరించి సీసాల్లో వేసింది. రబ్బరు మొక్కకు రోగమేమీ లేదు, ఆకుల మీద వేలి మందాన దుమ్ము పేరుకుంది. తడిపిన లైనింగ్ ముక్కలతో ఒక్కో ఆకూ తుడిచింది.

వారం తర్వాత హారిక వచ్చింది. మొగుడూ, తమ్ముడూ నలుగురి ముందు అన్న మాటలకు సిగ్గుపడి, పళ్లు పట్టుకుని వచ్చింది. వినోద పళ్లు పక్కన పెట్టి ఆమె చేతిలో తడిగుడ్డ పెట్టింది. "కూసో. ఆకులు తుడువు. కింద చెయ్యి పెట్టి తుడువాలె, లేకుంటే విరుగుతది."

ఆనాటి నుంచి హారిక వీలు దొరికినప్పుడల్లా వచ్చేది. గుడ్డతో తుడుస్తూ, మట్టి గుల్ల చేస్తూ మాటలు చెప్పేది. చిన్నప్పుడు పాలకుర్తిలో నాన్న కిరాణా కొట్టు గల్లా మీద తనే కూర్చునేదట. లెక్క తప్పేది కాదట, ఎవరు అప్పుకు వచ్చారో ముఖం చూసి చెప్పేదట.

"మరి గిక్కడ ఎందుకు కూసుంటలేవ్?" అంది వినోద.

"నన్నెవలు అడిగిండ్రు అక్కా?"

"పైపు పెట్టుమని నన్నెవలు అడిగిండ్రు?"

హారిక పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తడిగుడ్డ పిండి ఆరేసి దిగిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు మెట్ల మీదనుంచే మొదలుపెట్టింది.

"చెప్పిన అక్కా. తమ్ముణ్ణి ఇంటికి పిలిచి, ఇద్దర్ని ఎదురుంగ కూసోబెట్టి చెప్పిన. కౌంటర్ మీద నేను కూసుంట, నువ్వు పొయ్యికాడ ఉండు, ఆయన బయట సామాన్ జూసుకుంటడు. కాదంటే మూడో తాళం నేనేస్త, ఇగ ఎవలు తీస్తరో జూస్త అన్న."

"ఏమన్నరు?"

"ఏమంటరు? ఇద్దరు నేల జూసిండ్రు. ఇటు ఈయన 'నీ ఇష్టం' అన్నడు. అటు వాడు 'చాయ్ పెట్టు అక్కా' అన్నడు."

శ్రావణంలో మళ్లీ తెరవాలని ముహూర్తం పెట్టుకున్నారు. గోడలకు సున్నాలు అయ్యాయి. తెరవడానికి నాలుగు రోజుల ముందు హారిక వచ్చి, కూర్చోకుండా నిలబడే అడిగింది. "అక్కా, చెట్లు..."

"ఏ చెట్లు?" అంది వినోద. ఏ చెట్లో ఆమెకు తెలుసు.

"షాపుయి. అద్దం కాడ పెడుదామని."

"ఇంకా మంచిగ కాలే."

అన్న చోటికి మూరెడు దూరంలో లిల్లీ ఉంది. నిగనిగలాడే ఆకుల మధ్య తెల్లటి పువ్వులు లేచి నిలబడి ఉన్నాయి. హారిక వాటివైపు చూసింది, వినోదవైపు చూసింది, "సరే అక్కా" అని దిగిపోయింది.

లోపల అన్నం తింటున్న వెంకట్రాజం విన్నాడు. వినోద వచ్చి తన కంచం ముందు కూర్చోగానే, "రోగం నయమైనంక సుత పేషెంటును ఇంటికి పంపని దవాఖాన నీదొక్కటే" అన్నాడు. ముద్ద కలుపుతూ, "నీకు చెట్టు ఎండితే బాధ. పచ్చగైతే, ఎవలన్న అడుగుతరని ఇంకా బాధ" అన్నాడు.

"ఎండేటప్పుడు ఎవలకు గుర్తులేదు. ఇప్పుడు అందరికి గుర్తొచ్చినయ్" అని వినోద కంచం ముందునుంచి లేచిపోయింది.

కోపం రావడానికి కారణం ఉంది. ఆయన అన్నది నిజం. ఇన్నేళ్లలో ఆమె ఒక్క మొక్కనూ వెనక్కి ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు కూడా. పళ్ల డాక్టరు అడగలేదు, బ్యాంకువాళ్లు అడగలేదు. వాళ్లు వదిలేశారు, తను బతికించింది కాబట్టి తనవి. లెక్క అక్కడికి సరిపోయేది. ఈ అమ్మాయి వదిలెయ్యలేదు. తాళం వేసింది వేరేవాళ్లు. పైగా ఈ ఆకుల్లో సగం తుడిచింది ఆ చేతులే. డాబా మీద బట్టలు తీస్తూ, కుండీల మధ్య తిరుగుతూ ఆమె ఇదంతా ఆలోచించింది. పైకి వచ్చిన ఆడవాళ్లు లిల్లీని చూసి "ఎంత మంచిగున్నది!" అన్నప్పుడు తనకు కలిగే సంతోషం కూడా గుర్తొచ్చింది. అది ఇంకొకరి అద్దం వెనుకకు పోతుందంటే మనసొప్పలేదు. అయినా అబద్ధం ఆడిన మాట ఎక్కువ గుచ్చుకుంది.

తెల్లారి దుకాణం తెరవక ముందే లిల్లీ కుండీని రెండు చేతులతో పట్టుకుని సందు దాటింది. హారిక కొత్త కౌంటర్ తుడుస్తోంది.

"నిన్న అబద్ధం చెప్పిన. ఇది బాగై శాన దినాలైంది" అంది వినోద.

హారిక గుడ్డ పక్కన పడేసి వచ్చి కుండీ అందుకుంది. రబ్బరు మొక్క, స్నేక్ ప్లాంట్లు, వేళ్లు వచ్చిన మనీ ప్లాంట్లు ఒక్కొక్కటే దిగాయి. బరువైనవి భానుచందర్ మోశాడు.

"పామ్ మాత్రం ఇయ్య. అది ఇంకా లేవలే. లేచినా ఇస్తనో లేదో ఇప్పుడే చెప్పలేను" అంది వినోద.

"ఉంచుకో అక్కా. అది నీ దగ్గరనే ఉండని" అంది హారిక.

వంటగదిలోంచి శేఖర్ తల బయటికి పెట్టాడు. "అక్కా, ఇప్పుడన్న ఆ బొక్క మూపియ్యాల్నా, నీ పైపు కోసం ఉంచాల్నా?"

"మూపియ్యి తమ్మీ. ఇగ గుమ్మంల నుంచే వస్త" అంది వినోద.

షాపు తెరుచుకుంది. బావాబావమరుదులు ఇంతకుముందులా భుజాల మీద చేతులేసుకుని తిరగడం లేదు. పని మటుకు మాట్లాడుకుంటారు. కౌంటర్ ముందు మాత్రం ఎవరూ నిలబడాల్సి రావడం లేదు.

బతుకమ్మ పండుగ దగ్గరపడిన రోజుల్లో ఒకనాడు వినోదకు తన గుమ్మంలోంచే అద్దం వెనుక లిల్లీ ఆకు ఒకటి పసుపుపచ్చగా కనబడింది. గిరాకీని వెంకట్రాజానికి అప్పగించి గబగబా పోయి మట్టిలో వేలు పెట్టింది. వేలంతా బురద.

"ఎన్నిసార్లు పోస్తానవ్?"

"పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి అక్కా" అంది హారిక భయంభయంగా.

"వానలు పడుతాంటే రెండు పూటలా? వేళ్లు కుళ్లుతయి. నేను ఆ పామ్‌ను గట్లనే సంపిన. వేలు పెట్టి సూడు, పొడిగుంటేనే పొయ్యి. చేతులు ఊకోకుంటే ఆకులు తుడువు."

కుండీ వంచి నిలబడిన నీళ్లు వంపింది, పసుపు ఆకు మొదట్లో గిల్లి తీసేసింది, కుండీని అద్దానికి కొంచెం దూరం జరిపింది. చేతులు కడుక్కుని పోబోతుంటే హారిక బలవంతంగా కూర్చోబెట్టింది. అప్పుడే కూరగాయల సంచులతో లోపలికి వచ్చిన భానుచందర్ ఆమెను చూసి, వంటగది వైపు కేకేశాడు.

"శేఖరూ, వినోదక్కొచ్చింది. కాఫీల చక్కెర తక్కువెయ్యి."

"ఎరుకనే బావా" అని లోపలినుంచి జవాబొచ్చింది.

కాఫీ వచ్చింది. వినోద రెండు గుక్కలు తాగిందో లేదో, బయట తమ దుకాణం మెట్ల మీద వెంకట్రాజం ఒక నెమలికంఠం రంగు చీర కొంగు పైకెత్తి పట్టుకుని, దీనికి నప్పే గుడ్డ ఏ అరలో ఉందన్నట్టు చెయ్యి తిప్పుతున్నాడు. వినోద మిగిలిన కాఫీ ఒక్కసారే తాగేసి లేచింది.